క్వాత్రో పట్టుకొని ఒక్కతే వేదికపైకి: సిల్వానా ఎస్త్రాదా కచేరీ గురించి మాట్లాడుకుందాం

సూర్యం_గ్వాదలహారా:

సభ్యులందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా రెండేళ్లుగా మెక్సికోలోని గ్వాదలహారాలో ఉంటున్నాను. మరియాచీ సంగీతం పుట్టిన హాలిస్కో రాష్ట్రానికి ఇది రాజధాని కాబట్టి, ఇక్కడి పాట అంటే బాకాలు, వయొలిన్లు, వీధి చివరి వరకు వినిపించే నిండు గొంతులు అని నా మనసులో ఒక ముద్ర పడిపోయింది. ఈ మధ్య ఒక సహోద్యోగి పట్టుబట్టి తీసుకువెళ్తే సిల్వానా ఎస్త్రాదా కచేరీ విన్నాను. ఆ రాత్రి నుంచి నాకు వేరే పాట వినాలనిపించడం లేదు. అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

ఆమె గురించి తెలియనివారి కోసం నాలుగు మాటలు. 1997లో వెరాక్రూజ్ రాష్ట్రంలోని కోయతెపెక్ అనే కొండ ఊరిలో పుట్టారు. తల్లిదండ్రులిద్దరూ వయొలిన్, చెల్లో, డబుల్ బాస్ వంటి వాద్యాలు తయారు చేసేవారు. పక్కనే ఉన్న హలాపా నగరంలో, వెరాక్రూజ్ విశ్వవిద్యాలయంలో జాజ్ చదువుకున్నారు. 2017లో అమెరికన్ గిటారిస్టు చార్లీ హంటర్‌తో కలిసి మొదటి ఆల్బమ్ తెచ్చారు. 2022లో ‘మార్చీతా’ (వాడిపోయినది అని అర్థం) గ్లాస్‌నోట్ అనే స్వతంత్ర సంస్థ ద్వారా వచ్చింది. పాట రాసేదీ, బాణీ కట్టేదీ, పాడేదీ ఆమే.

ఇక కచేరీ. దీపాలు తగ్గాయి. ఆమె ఒక్కతే వచ్చి, గిటారు కంటే బాగా చిన్నదైన, నాలుగు తంతుల వాద్యాన్ని గుండెకు ఆనించుకుని నిలబడింది. అది వెనిజులాకు చెందిన క్వాత్రో. మొదటి పాటలో వాద్యం దాదాపు లేనట్టే ఉంది. ఒక మీటు, తరువాత చాలాసేపు గొంతు మాత్రమే, మళ్లీ ఒక మీటు. నా ముందు వరుసలో ఒక పెద్దాయన దగ్గు వస్తుంటే జేబురుమాలు నోటికి అడ్డం పెట్టుకుని, పాట అయ్యేదాకా ఆపుకుని, చప్పట్ల మధ్యలో దగ్గారు. ఆ సభ ఎంత నిశ్శబ్దంగా ఉందో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకలేదు.

మెక్సికోలో శ్రోతలు ఊరికే కూర్చోరు. తెలిసిన పాట మొదలైతే సభంతా గొంతెత్తి పాడుతుంది, ఒక్కొక్కసారి గాయకుడి గొంతు వినపడదు. ఇక్కడ కూడా ‘తే గ్వార్దో’ అనే పాటకు అందరూ పాడారు, అయితే ఆమె గొంతు కిందనే ఉండేలా, పెదవులు కదిలీ కదలకుండా పాడారు. కొన్ని వందల మంది కలిసి అంత మెల్లగా పాడగలరని నేను అంతకుముందు ఎరగను. భాష నాకు సగమే వచ్చు. మీలో ఎవరైనా ఆమెను విన్నారా? విన్నవారికి ఏమనిపించింది?

లలిత_కోఠి:

సూర్యం గారూ, ఈ పేరును తెలుగులో చూడటం చాలా సంతోషంగా ఉంది. నేను పదిహేనేళ్లుగా హైదరాబాదులో స్పానిష్ బోధిస్తున్నాను, ‘మార్చీతా’ వచ్చిన సంవత్సరం నుంచి నా తరగతుల్లో ఆ పాటలు వినిపిస్తున్నాను.

మీరు చెప్పిన ‘తే గ్వార్దో’ గురించి ఒక మాట. పాఠ్యపుస్తకాల్లో ‘గ్వార్దార్’ అంటే దాచడం, ఉంచడం, కాపాడటం అని అర్థాలు వరుసగా ఇస్తారు. బీరువాలో చీర సర్దిపెట్టడానికీ, రహస్యం కడుపులో పెట్టుకోవడానికీ, కంప్యూటర్‌లో ఫైలు సేవ్ చేయడానికీ స్పానిష్‌లో అదే క్రియ. తెలుగులో ‘నిన్ను దాచుకుంటాను’ అంటే కొంత దగ్గరికి వస్తుంది, ఎందుకంటే మన ‘దాచుకోవడం’లో ఇతరులకు కనబడకుండా అనే అర్థమూ ఉంది, తరువాతి కోసం అనే అర్థమూ ఉంది. ఒక విద్యార్థిని ‘మూటగట్టుకుంటాను’ అని అనువదించింది. ఆ రోజు తరగతి అక్కడే ఆగిపోయింది, మిగతా గంటంతా ఆ ఒక్క మాట మీదే మాట్లాడుకున్నాము.

ఊరి పేరు గురించి కూడా చెప్పాలి. కోయతెపెక్ స్పానిష్ మాట కాదు, మెక్సికో మూలవాసుల నావాత్ల్ భాషది. ‘కోవాత్ల్’ అంటే పాము, ‘తెపెత్ల్’ అంటే కొండ. మన లెక్కలో నాగులకొండ అన్నమాట. కాఫీ తోటల ఊరు. సముద్రం వైపు నుంచి వచ్చే తేమ కొండలకు తగిలి నెలల తరబడి సన్నని తుంపర పడుతూనే ఉంటుంది, దాన్ని అక్కడివారు ‘చిపిచిపి’ అంటారు. మన ముసురు అనే మాటకు ఇంత సరిగ్గా సరిపోయే మాట నాకు స్పానిష్ నిఘంటువులో మరొకటి దొరకలేదు. ఆమె పాటల్లో ఆ ముసురు ఉందని నేను గట్టిగా నమ్ముతాను.

పనసచెక్క:

నాది బొబ్బిలి ప్రాంతం. మా తాతగారి ఇల్లు వీణలు చేసే గొల్లపల్లికి దగ్గర. ఈ గాయని పాటలు నేను ఇంతవరకు వినలేదు, సూర్యం గారు రాసినది చదివాకే నిన్న రాత్రి కూర్చుని విన్నాను. వాద్యాలు చేసేవారి బిడ్డ అన్న మాట దగ్గర నా చూపు ఆగింది.

చిన్నప్పుడు సెలవుల్లో ఆ ఇళ్లకు వెళ్లేవాళ్లం. ఒకే పనస దుంగను తొలిచి వీణ చేస్తారు. కుండ భాగం లోపల ఉలితో చెక్కుతూ, మధ్యమధ్య పని ఆపి, వేలి కణుపుతో చెక్కను తట్టి, తల పక్కకు వంచి వింటారు. ఎక్కడ దళసరిగా ఉందో కంటికి కనబడదు, చెవికి తెలుస్తుంది. ఆ ఇంటి పిల్లలు వీణ వాయించడం నేర్చుకున్నా నేర్చుకోకపోయినా ఆ వినడం మాత్రం అందరికీ అబ్బేది. మంచి చెక్కా, తడి చెక్కా వేరు వేరుగా పలుకుతాయని ఆరేళ్ల పిల్లవాడు నాకు చూపించాడు.

ఈవిడ మీటు విన్నప్పుడు నాకు ఆ తట్టడం జ్ఞాపకం వచ్చింది. తంతిని కదిలించి అది పూర్తిగా ఆరిపోయేదాకా ఆగుతుంది. తొందరపడి తరువాతి మీటు వేయదు. అది చదువుకుని తెచ్చుకున్న గుణం కాదేమో, ఆ ఇంట్లో పెరగడం వల్ల వచ్చిందేమో అనిపించింది.

శబ్దగ్రాహి:

ఇరవై ఏళ్లుగా కచేరీలకు, సభలకు సౌండు చేస్తున్నవాణ్ణి. పనసచెక్క గారు చెప్పిన విషయానికి నా వృత్తి వైపు నుంచి కొంత చేర్చాలని ఉంది, కాస్త పొడుగవుతుంది, మన్నించండి.

క్వాత్రో సాధారణ గిటారు లాంటిది కాదు. నైలాన్ తంతులు నాలుగు, లా-రె-ఫా షార్ప్-సి స్వరాలకు శ్రుతి చేస్తారు. వెనిజులాలో పిల్లలకు ఈ శ్రుతిని ‘కంబూర్ పింతోన్’ అని పాడించి గుర్తుపెట్టిస్తారు, సగం పండిన అరటిపండు అని దాని అర్థం. విశేషం ఏమిటంటే నాలుగో తంతి వరుసలో అన్నిటికంటే పైన ఉండవలసింది ఒక స్థాయి కిందికి దిగి ఉంటుంది. అందువల్ల నాలుగు తంతుల స్వరాలూ ఒకే చిన్న పరిధిలో దగ్గర దగ్గరగా కూర్చుంటాయి. గిటారుకు ఉన్న లోతైన మంద్రం దీనికి లేదు. వెనిజులాలో హోరోపో అనే జానపద పాటలకు దీన్ని తాళవాద్యంలా వేగంగా కొడతారు, అరచేతితో నొక్కి దెబ్బ మధ్యలోనే ఆపుతారు. సిల్వానా ఎక్కువగా వేళ్లతో మెల్లగా మీటుతారు.

దీనివల్ల వేదిక మీద ఏమవుతుందో చూడండి. మంద్రం ఖాళీగా ఉంటుంది. ఆడగొంతు కింది స్థాయికి దిగినప్పుడు దానికి అడ్డం వచ్చే వాద్యం ఏదీ ఉండదు. మామూలుగా గాయని మెల్లగా పాడితే కీబోర్డు, బాస్ గిటారు, డ్రమ్ముల కింద ఆ గొంతు మునిగిపోతుంది. అప్పుడు నేను గొంతు ఫేడరు పెంచుతాను, వాద్యకారులు తమకు వినబడటం లేదని తమవైపు తిప్పి ఉన్న మానిటరు స్పీకరు పెంచమంటారు, చివరికి ఫీడ్‌బ్యాక్ కూత మొదలవుతుంది, గాయని అరవడం మొదలుపెడుతుంది. మన ఊళ్లలో జరిగే సినిమా పాటల సభల్లో నేను ఇది వందలసార్లు చూశాను. అక్కడ మెల్లగా పాడటం అనేది గాయకుల చేతిలో లేని పని.

ఒక వాద్యం, ఒక గొంతు ఉన్నప్పుడు మైకు మొత్తం గదిని వింటుంది. ఏసీ హోరు, కుర్చీ కిర్రుమనడం, పెదవులు విడివడే చప్పుడు, అన్నీ వస్తాయి. ఇలాంటి కచేరీకి సౌండు చేయడమంటే చేయి కట్టుకుని కూర్చోవడమే, కానీ గుండె గొంతులో ఉంటుంది. ఆమె వీడియోల్లో ఊపిరి పీల్చే శబ్దాన్ని ఎవరూ కత్తిరించలేదు. ఆ ఇంజినీరుకు నా నమస్కారం.

ఉత్తరాంధ్ర_పాఠకుడు:

అందరూ ఒకే మాట మీద ఉన్నారు కాబట్టి కొంచెం వేరే అభిప్రాయం చెప్పడానికి అనుమతించండి. నేను ‘మార్చీతా’ మొత్తం రెండుసార్లు విన్నాను. గొంతు గొప్పదని ఒప్పుకుంటాను. అయితే పాట తరువాత పాట అదే దిగులు, అదే నడక. ఆల్బమ్‌లో వయొలిన్లు, చెల్లోలు తోడు ఉన్న చోట్ల ఊపిరి తీసుకోవడానికి వీలు దొరికింది. అవి కూడా లేకుండా వేదిక మీద గంటన్నర ఒక్కరే పాడితే విసుగు రాదా? మరియాచీలో విషాదం ఉన్నా దానితో పాటు ఒక ఉత్సవం ఉంటుంది. ఇక్కడ అది నాకు కనబడలేదు. తప్పుగా అనుకోకండి.

లలిత_కోఠి:

తప్పుగా ఎందుకు అనుకుంటాము అండీ, ఇది అడగవలసిన ప్రశ్నే. మెక్సికన్ పాటలో దుఃఖాన్ని రెండు రకాలుగా పాడతారు. ఒకటి మీరు చెప్పినది, రాంచెరా పాటలో బాకాల మధ్య గొంతు చించుకుని, మధ్యలో ‘ఆయ్ ఆయ్’ అని కేక వేసి పదిమందిలో పంచేసుకునే దుఃఖం. రెండోదానికి దారి వేసినది చవేలా వర్గాస్. 1919లో కోస్టారికాలో పుట్టి, మెక్సికోలో స్థిరపడి, 2012లో కన్నుమూసే వరకు పాడిన మహాగాయని. ఆమె అవే రాంచెరా పాటలను తీసుకుని, మరియాచీ బృందాన్ని పక్కనపెట్టి, గిటారు తోడుతో, నడక బాగా తగ్గించి పాడింది. కేక వేయవలసిన చోట గొంతు తగ్గించింది. వినేవారికి ఉత్సవం దొరకదు, నిజమే. తప్పించుకునే వీలు కూడా దొరకదు.

సిల్వానా ఆ దారిలోని మనిషి. చవేలాతో పాటు అర్జెంటీనాకు చెందిన మెర్సెదెస్ సోసా, చిలీకి చెందిన వియొలెతా పర్రా, జాజ్ గాయని బిల్లీ హాలిడే ఆ గొంతు వెనుక వినిపిస్తారు. ‘మార్చీతా’ ఒక ప్రేమ ముగిసిన తరువాతి పాటలు కాబట్టి ఒకే రసం ఉండటం సహజమే. ఆ ఒక్క ఆల్బమ్‌తో ఆగకుండా 2025లో వచ్చిన తరువాతి ఆల్బమ్ కూడా వినండి. ‘మెల్లని వానలు వస్తాయి’ అనే అర్థం వచ్చే దాని పేరు అమెరికన్ కవయిత్రి సారా టీస్‌డేల్ కవిత నుంచి వచ్చింది. అందులో వెలుతురు ఎక్కువ.

సూర్యం_గ్వాదలహారా:

ఉత్తరాంధ్ర పాఠకుడు గారి సందేహం కచేరీకి వెళ్లేముందు నాకూ ఉంది. అక్కడ నేను గమనించినది చెబుతాను. పాటకూ పాటకూ మధ్య ఆమె తంతులు సరిచూసుకుంటూ మాట్లాడుతుంది, నవ్విస్తుంది. పాటలో ఉన్న దిగులు మాటల్లో లేదు. సభ ఒకసారి పెద్దగా నవ్వి, ఆ నవ్వు పూర్తిగా తగ్గకముందే తరువాతి పాట మొదటి పదం వచ్చింది. నవ్వుతున్న ముఖాలతోనే అందరం మౌనంలోకి వెళ్లాము. ఆల్బమ్‌లో ఆ నవ్వు ఉండదు కదా, అందుకే అది ఒకే రంగుగా అనిపిస్తుందేమో.

ఇంకొకటి. ఒకే పాటను ఆమె రికార్డులో పాడినట్టు పాడలేదు. చరణం చివర సాగదీసే చోట ఆ రోజు ఇంకా కిందికి దిగింది, గొంతు సన్నగా జీరబోయింది, ఆ జీరను దాచలేదు. నా సహోద్యోగి నా చేయి గట్టిగా పట్టుకుంది. ఆ సహోద్యోగి సొంత ఊరు వెరాక్రూజ్ రేవు, ఇల్లు వదిలి పదకొండేళ్లయిందట.

ముక్త_డాలస్:

వెరాక్రూజ్ అన్నారు కాబట్టి అక్కడి జానపద సంగీతమైన సోన్ హరోచో గురించి ఎవరైనా చెబుతారని ఎదురుచూశాను. మా వీధిలో వెరాక్రూజ్ కుటుంబాలు ఉన్నాయి, వారి పండుగలకు మమ్మల్ని పిలుస్తారు. హరానా అనే చిన్న వాద్యాలు పదీ పదిహేను ఒక్కసారే మోగుతాయి, మధ్యలో తరీమా అనే చెక్క బల్ల మీద ఆడవాళ్లు మడమలతో తాళం వేస్తారు. ఒకరు పాదం అందిస్తే మరొకరు అందుకుని బదులు పాడతారు. దాన్నే ఫందాంగో అంటారు, తెల్లవారే దాకా సాగుతుంది. ప్రపంచమంతా ఎరిగిన ‘లా బాంబా’ అసలు ఈ సంప్రదాయపు పాటే. సిల్వానా దాన్ని యథాతథంగా పాడరు, కానీ ఆ గాలిలో పెరిగిన మనిషి. అదే ప్రాంతంలో పెరిగిన గాయని నతాలియా లఫుర్కాదే 2017 భూకంపంలో దెబ్బతిన్న హాల్తిపాన్‌లోని సోన్ హరోచో కేంద్రాన్ని తిరిగి కట్టడానికి కచేరీలు చేసి, ఆల్బమ్ తెచ్చారు. ఆ నేల మీద పాటను అలా పట్టించుకుంటారు.

నేను ప్రత్యేకంగా రాయాలనుకున్నది మరొక పాట గురించి. ‘సీ మె మాతాన్’, అంటే ‘నన్ను చంపితే’. మెక్సికోలో 2022 ప్రాంతంలో అధికారిక లెక్కల ప్రకారమే రోజుకు సుమారు 10 మంది స్త్రీలు హత్యకు గురయ్యేవారు. 2017 మే నెలలో మెక్సికో నగరంలోని జాతీయ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఒక యువతి శవమై కనిపించింది. ఆమె తాగేదని, చదువు మానేసిందని నగర ప్రాసిక్యూటర్ కార్యాలయమే ట్విట్టర్‌లో రాసింది. దానికి బదులుగా వేలమంది ఆడపిల్లలు ‘నన్ను చంపితే’ అని మొదలుపెట్టి, నన్ను చంపితే నా గురించి మీరు ఇలా అంటారు కాబోలు అని రాశారు. అలా రాసినవారిలో హలాపాకు చెందిన ఒక విద్యార్థిని కూడా ఉంది. అదే సంవత్సరం సెప్టెంబరులో, ప్యూబ్లాలో రాత్రి ఇంటికి చేరడానికి యాప్‌లో పిలిచిన కారు ఎక్కి, ఆమె కూడా హత్యకు గురైంది. సిల్వానా పాట ఆ అమ్మాయి కోసం.

మా పొరుగింటి ఆవిడ ఆ పాట వింటున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఆవిడకు ఇద్దరు కూతుళ్లు. ఏడవలేదు. పాట అయ్యాక లేచి వెళ్లి, పెద్దమ్మాయికి ఫోన్ చేసి ఎక్కడ ఉన్నావని అడిగి వచ్చింది.

పనసచెక్క:

ముక్త గారూ, చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. దిశ సంఘటన జరిగిన 2019 నవంబరులో మా చెల్లెలు శంషాబాదు వైపే ఉద్యోగం చేసేది. ఆ పాట నాకు అనువాదం లేకుండానే అర్థమవుతుంది.

వేదుల_వారు:

ఆలస్యంగా వచ్చాను. వయసు 76, సంగీతం పాఠాలు చెప్పి విరమించినవాణ్ణి. మనవరాలు ఈ చర్చ చూపించి, పాటలు పెట్టి వినిపించింది.

నాయనలారా, ఇండీ గాయని, సింగర్ సాంగ్ రైటర్ అని మా మనవరాలు ఏదేదో చెప్పింది. మనకు చక్కని మాట ఉంది కదా, వాగ్గేయకారిణి అనండి. మాతువు అంటే సాహిత్యం, ధాతువు అంటే స్వరరచన, రెండూ తానే చేసేవారిని అలా అనాలని శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలో చెప్పాడు. అందుకు భాష, దేశం అడ్డం కావు.

గానం సంగతి. మన గమకం ఆమె పాటలో లేదు, వెతకకూడదు. కానీ స్వరం నుంచి స్వరానికి వెళ్లేటప్పుడు సూటిగా అడుగు వేయకుండా, కింది నుంచి ఒరుసుకుంటూ చేరుతుంది. చేరిన తరువాత వెంటనే గొంతు ఊపదు. కొంతసేపు నిలకడగా నిలిపి, విడిచిపెట్టే ముందు మాత్రమే సన్నని కంపితం వేస్తుంది. శ్వాస చాలా గట్టిది. తారస్థాయిలో గొంతు పలచబడే చోట బలవంతం చేయకుండా ఆ పలచదనాన్నే వాడుకుంటుంది. నా విద్యార్థులకు నలభై ఏళ్లు చెప్పినా ఈ చివరి విషయం కొద్దిమందికే పట్టుబడింది. ఒక విమర్శ కూడా ఉంది. పాదాంతంలో సాగదీయడం అలవాటుగా మారుతున్నదేమోనని రెండు మూడు చోట్ల అనిపించింది. వయసు చిన్నది, ఆమే గమనించుకుంటుంది.

ఉత్తరాంధ్ర_పాఠకుడు:

వేదుల మాస్టారూ, నమస్కారం. మీ మాట చదివాక మళ్లీ విన్నాను, ఈసారి ఆల్బమ్ కాకుండా వేదిక మీద పాడిన వీడియోలు. కిందనుంచి ఒరుసుకుంటూ చేరడం స్పష్టంగా వినిపించింది. విసుగు అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను, అయినా తోడు వాద్యాలు ఉన్న పాటలే నాకు ఎక్కువ ఇష్టం అన్న మాట మాత్రం అలాగే ఉంచుతాను. ఒక సంగతి తెలుసుకోవాలని ఉంది. 2022లో లాటిన్ గ్రామీ ఉత్తమ నూతన కళాకారిణిగా ఆమెకు వచ్చిందని చదివాను. మొదటి ఆల్బమ్ 2017లో వస్తే 2022లో నూతనం ఎలా అవుతుంది?

లలిత_కోఠి:

విస్తృత గుర్తింపు వచ్చిన సంవత్సరాన్ని లెక్కలోకి తీసుకుంటారు అండీ, మొదటి రికార్డు తేదీని కాదు. ఆ ఏడాది బహుమతిని ఇద్దరికి సమానంగా ఇచ్చారు. రెండోవారు క్యూబాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఆంహెలా అల్వారెస్, అప్పటికి ఆమె వయసు 95 ఏళ్లు. జీవితమంతా ఇంట్లో పాటలు రాసుకుని, తొంభై దాటాక మొదటి ఆల్బమ్ తెచ్చారు. ఒకే వేదిక మీద 25 ఏళ్ల అమ్మాయి, 95 ఏళ్ల అవ్వ, ఇద్దరూ నూతన కళాకారిణులు. ఆ దృశ్యం చూసి నేను కళ్లు తుడుచుకున్నాను.

శబ్దగ్రాహి:

సూర్యం గారూ, ఒక చిన్న వివరం కావాలి. తరువాతి భాగంలో తోడు వాద్యాలు వచ్చాయా? వస్తే గొంతు ముందున్నట్టే ఉందా, వెనక్కి వెళ్లిందా?

సూర్యం_గ్వాదలహారా:

వచ్చాయి శబ్దగ్రాహి గారూ. మధ్యలో ఇంకొందరు వాద్యకారులు వచ్చి చేరారు. గొంతు కొంచెం కూడా వెనక్కి వెళ్లలేదు, ఎందుకంటే వాళ్లు ఆమె ఊపిరి తీసుకునే చోట్లలోనే వాయించారు. చివరి పాటకు మళ్లీ అందరూ లోపలికి వెళ్లిపోయారు. క్వాత్రో కూడా కింద పెట్టి, మైకుకు రెండు అడుగులు దూరం జరిగి, వట్టి గొంతుతో పాడింది. మాది వెనకనుంచి మూడో వరుస. మాటలు తెలియలేదు, ప్రతి స్వరం వినిపించింది.

వేదుల మాస్టారి మాట నిన్న నా సహోద్యోగికి చెప్పాను. ‘వాగ్గేయకారిణి’ అని నాలుగుసార్లు పలికించుకుని, కాగితం మీద స్పానిష్ అక్షరాల్లో రాసుకుని, పర్సులో దాచుకుంది.